ఎర్ర చీటీలు

సరస్సు ఎదుటి మేడగది,
జూన్ 9

ఒరేయ్ తమ్ముడూ,

"ఆశీర్వదించి వ్రాయునది" అని మొదలుపెట్టమని నాన్న నేర్పాడు గానీ, ఆశీర్వాదం సంగతి తర్వాత చూద్దాం. ముందు నీ పెట్టె సంగతి. ఇద్దరు మనుషులు మోసుకొచ్చి గుమ్మంలో దించి, "ఏముందమ్మా ఇందులో?" అని అడిగారు. "నలభై నాలుగు చచ్చిన పిట్టలు" అన్నాను. రెండోవాడు సంతకం కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోయాడు.

మ్యూజియంలో పిట్టల గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తూ అక్కకి నువ్వు చేసిన మొదటి ఉపకారం ఇదే, మహానుభావా. ఈ సరస్సు పక్షుల పుస్తకానికి నలభై ఎనిమిది బొమ్మలు వేస్తానని ఒప్పుకున్నప్పుడు కిటికీలోంచి చూసి వేసేయొచ్చనుకున్నాను. కిటికీలోంచి ఇప్పుడు కనిపించేది మట్టి లారీలు. సగం సరస్సు పూడ్చేశారు. మిగిలిన సగంలో కాకి, కొంగ, గోరింక, పిచ్చుక. ఆ నాలుగూ వేసేశాను. తక్కినవన్నీ ఈ నీళ్ళ మీద ఒకప్పుడు వాలాయని చెప్పడానికి నీ బీరువాలోని తోళ్ళే సాక్ష్యం.

నాన్న బల్ల కిటికీ దగ్గరకి లాగాను. నాన్న కుంచే వాడుతున్నాను. దూది కూరిన పిట్ట కదా, పడుకుని పడుకుని ఈకలు చెదిరి ఉంటాయి. కుంచె తడిపి ఈకల మీద ఒక్కసారి దువ్వితే అన్నీ వరసలోకి వస్తాయి. అదే కుంచెను పెదవుల మధ్య తిప్పి మొన తీసి రంగులో ముంచడం. "మొన కుదిరిందో లేదో కంటికేం తెలుస్తుంది, పెదవికి తెలుస్తుంది" అనేవాడు నాన్న. కుంచె నోట్లో పెట్టుకోవడం అసహ్యమని నువ్వన్నందుకు నీ వీపు విమానం మోత మోగింది, గుర్తుందా? ఆ రోజే నువ్వు బొమ్మలు మానేసి పిట్టలకి దూది కూరే పనిలోకి పోయావు.

పిట్టల మీద సన్నటి తెల్లపొడి ఉంది. ఊదితే ఎగిరిపోతోంది, కింద రంగు బాగా తేలుతోంది. ఇంకో మాట. ప్రతి పిట్ట కాలికీ చీటీ ఒకటే ఉంది, దారాలు మాత్రం రెండున్నాయి. రెండోది కత్తెరతో తెంపినట్టుంది. ఏం చీటీ అది?

అక్క

—

మ్యూజియం, పక్షుల గది,
జూన్ 20

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చేరింది. పిట్టలు భద్రంగా అందినందుకు సంతోషం. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది. వానలు ఇంకా పడలేదు. మా గది అధికారి వచ్చే నెలలో రిటైరవుతున్నారు. ఆ కుర్చీ నాకే వస్తుందని పెద్దసారు మాట వరసకి అన్నారు. ఏమవుతుందో చూడాలి.

దారాల సంగతి పెద్ద విషయమేం కాదు. రంగు వెలిసి చదవరాని పాత చీటీలు, తీసేశాను.

పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో. మరిచిపోకు. పాత వస్తువులు కదా, దుమ్ము ఉంటుంది. పొడిని ఊదొద్దు, తడిగుడ్డతో తుడువు. పిట్టలు నీ దగ్గరున్నాయని ఎవరితోనూ అనకు, అందరూ అడుగుతారు.

నీ తమ్ముడు

—

మేడగది,
ఆగస్టు 11

తమ్ముడూ,

చేతులు కడుక్కోమని చెప్పడానికి ఒక ఉత్తరం, స్టాంపు! యాభై రెండేళ్ళు వచ్చాయిరా నాకు.

పద్దెనిమిది బొమ్మలు పూర్తయ్యాయి. నీలి నీటికోడి ఒక్కటే తొమ్మిది రోజులు పట్టింది. అది నీలం కాదు, ఆకుపచ్చా కాదు. కిటికీ రెక్క కాస్త జరిపితే ఊదా. చీటీ మీద దాన్ని పట్టినాయన "కన్ను: ఎరుపు. కాళ్ళు: తడి ఇటుక" అని రాసుకున్నాడు. చచ్చిన గంటకే కాళ్ళ రంగు పోతుందని తెలిసిన మనిషి. ఎనభై ఏళ్ళ కిందటి ఆ తొందర లేకపోతే నేనివాళ గుడ్డిదాన్నే. ఇంత సంతోషంగా ఎప్పుడు పనిచేశానో గుర్తులేదు.

లకుముకి మీద మాత్రం ఒళ్ళు మండింది. వీపు మీద ఆవగింజంత నీలిరంగు చుక్క ఉంది. పిట్ట నీలం కాదు, సీసాలో నీలం. నాకు ముందు దాన్ని ఎవడో వెధవ చిత్రకారుడు వాడుకుని, రంగు కుంచె దాని మీద పెట్టాడు. మీ మ్యూజియంలో ఇలాంటివాళ్ళని ఎలా రానిస్తార్రా?

ఒంట్లో కాస్త నలతగా ఉంది. కడుపులో మంట, వేళ్ళ చివర తిమ్మిరి. రోజంతా వంగి కూర్చుంటే ఏ నరం ఊరుకుంటుంది? కింద కొట్టు దర్జీకి కూడా వేళ్ళు తిమ్మిరేనట. ఇద్దరం మెట్ల మీద కూర్చుని రోగాలు పోల్చుకుంటున్నాం.

అక్క

—

పక్షుల గది,
ఆగస్టు 25

అక్కకు,

ఈ ఉత్తరంతో పాటు రబ్బరు తొడుగులు పన్నెండు జతలు పంపుతున్నాను. పిట్టల్ని ముట్టుకునేటప్పుడు తప్పకుండా వేసుకో. పురుగు పట్టకుండా మందు చల్లాం, అందుకు. కుంచె నోట్లో పెట్టుకోవడం మానుకో. ఈ వయసులో పళ్ళు పాడవుతాయి. నీళ్ళ గిన్నె అంచుకి రాసి మొన తీసుకోవచ్చు, చాలామంది అలాగే చేస్తారు.

ఒక సంగతి అడుగుతాను. నాన్న చివరి రోజుల్లో నేను హాస్టల్లో ఉన్నాను కదా. అప్పుడు నాన్న చేతులు ఎలా ఉండేవి? మా మ్యూజియం పిట్టల్ని ఎప్పుడైనా ఇంటికి తెచ్చుకునేవాడా? ఊరికే, తెలుసుకుందామని.

నీ తమ్ముడు

—

మేడగది,
సెప్టెంబరు 14

తమ్ముడూ,

నీకేమయిందిరా? పళ్ళ డాక్టరువి ఎప్పుడయ్యావు? తొడుగులు వేసుకుని చూశాను. పిట్టను పట్టుకున్నట్టు లేదు, పార్సిల్ పట్టుకున్నట్టుంది. దర్జీ భార్యకి ఇచ్చేశాను, బట్టలకి రంగు అద్దుకుంటుంది. ఇక కుంచె మాటంటావా, నలభై ఏళ్ళ అలవాటు. నా దగ్గర నేర్చుకున్న ప్రతివాళ్ళకీ అదే నేర్పాను. నీళ్ళ గిన్నెకి రాస్తే వచ్చేది మొన కాదు, చీపురు.

నాన్న చేతులు అడిగావు. ఇన్నాళ్ళకి ఎందుకు అడిగావో చెప్పలేదు. అయినా రాస్తాను. అరచేతుల నిండా గట్టి గింజలు లేచాయి, జల్లెడ మీద చెయ్యి పెట్టినట్టుండేది. నా తల నిమిరితే జుట్టు పట్టుకునేది. గోళ్ళ మీద అడ్డంగా తెల్లగీతలు. కడుపులో పుండని మందులిచ్చారు. పోయే ముందు నెల చెంచా కూడా పట్టుకోలేకపోయాడు. నేనే తినిపించాను. అవును, పిట్టల్ని తెచ్చుకునేవాడు. ఒక శీతాకాలమంతా మన వంటగది అల్మరా పై అరలో పిట్టలే ఉండేవి.

నీ ప్రశ్న చదివాక నా అరచేతులు వెలుతుర్లో పెట్టి చూసుకున్నాను. నాకూ గింజలు లేస్తున్నాయి. నాన్న పోలిక అన్నారు కదా అందరూ, చేతులు కూడా వచ్చాయన్నమాట.

ఇరవై ఏడు పూర్తి.

అక్క

—

పక్షుల గది,
అక్టోబరు 3

అక్కకు,

ఊరికే అడిగాను. మనసులో పెట్టుకోకు. మంచి డాక్టరుకి చూపించుకో. కొన్నాళ్ళు పని ఆపెయ్. పిట్టల్ని పెట్టెలో పెట్టి మూత వేసెయ్. పుస్తకం ఆర్నెల్లు ఆలస్యమైతే కొంప మునగదు.

గది అధికారి పోస్టు నాకే ఇచ్చారు. సోమవారం చేరాను. నువ్వు సంతోషిస్తావని రాస్తున్నాను.

తమ్ముడు

—

మేడగది,
నవంబరు 16

తమ్ముడూ,

నీ కుర్చీకి సంతోషం. ఇక నా సంగతి విను.

నిన్న ఉల్లంకి పిట్ట కంటి చుట్టూ గీత వేస్తుంటే కుంచె జారిపోయింది. జారిన సంగతి నా వేళ్ళకి తెలియలేదు. కాగితం మీద పడిన చప్పుడు విని చూశాను. ఆ బొమ్మ పాడైంది. ఈ రోజు ఎనిమిదిసార్లు పడింది. దువ్వెనకి జుట్టు ముద్దలుగా వస్తోంది. గోళ్ళ మీద తెల్లగీతలు వచ్చాయి. డాక్టరు రక్తం తక్కువంటాడు. నలభై ఒక్క బొమ్మలయ్యాయి, ఇంకా ఏడున్నాయి. ఈ ఏడూ వేయలేనేమోనని మొట్టమొదటిసారి భయం వేసింది. చచ్చిపోతానని కాదురా, చెయ్యి పోతుందని. చెయ్యి తప్ప నాకేముంది?

కింద కొట్టులోంచి నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మరదలు ఎత్తి, "ఆయన ఇప్పుడే బయటికెళ్ళారు వదినా" అంది. మూడుసార్లూ ఇప్పుడే వెళ్ళావా? గొంతు పట్టిస్తుందని కాగితం చాటున దాక్కున్నావు. నీ ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి వరసగా చదివాను. చేతులు కడుక్కో. ఊదొద్దు. తొడుగులు. నోట్లో పెట్టుకోకు. నాన్న చేతులు. పని ఆపెయ్. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేనేమీ అనకముందే తడుముకుంటున్నావు.

తెంపిన దారానికి ఏ చీటీ ఉండేది? ఒక్క ముక్కలో రాయి.

అక్క

—

ఇంటి నుంచి,
నవంబరు 27

అక్కా,

ముందు ఇది చదువు. కుంచె నోట్లో పెట్టకు. పిట్టల్ని ముట్టకు. ఈ ఉత్తరం డాక్టరుకి చూపించి, ఒంట్లోకి పాషాణం వెళ్ళిందని చెప్పు. పాషాణం, అంటే ఆర్సెనిక్. ఆయనకి ఏం చెయ్యాలో తెలుస్తుంది.

నీకు పంపినవి మా గది కింది బీరువాలోవి. ఆ కాలంలో తోలుకి పురుగు పట్టకుండా లోపలంతా పాషాణం కలిపిన సబ్బు పూసేవాళ్ళు. తెల్లపొడి అదే. ప్రతి పిట్ట కాలికీ ఎర్ర చీటీ ఉండేది. "విషం. వట్టి చేత్తో ముట్టరాదు. గది దాటరాదు." ఎర్ర చీటీ ఉంటే గేటు దగ్గర పెట్టె ఆపేస్తారు. అందుకని నలభై నాలుగూ కత్తిరించి కవర్లో దాచాను. ఇక్కడికి వచ్చి వేసుకుంటే రోజుకి రెండు గంటలే ఇస్తారు, గాజు వెనక నుంచే చూడాలి. నీకు నీ కిటికీ వెలుతురు కావాలని ఎంత అడిగావో గుర్తుందా? నీకు మేలు చేస్తున్నాననుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ముట్టుకుంటున్నాను, నాకేమయిందిలే అనుకున్నాను.

కుంచె సంగతి నాకు తట్టలేదు. నీ మొదటి ఉత్తరంలో చదవగానే నాన్న దెబ్బ మళ్ళీ వీపు మీద పడ్డట్టయింది. అంటే జూన్‌లోనే తెలుసు. నిజం రాస్తున్నాను, జూన్‌లోనే తెలుసు. రాస్తే పెట్టె వెనక్కొస్తుంది, ఎలా బయటికెళ్ళిందని అడుగుతారు, పోస్టు పోతుంది. చేతులు కడుక్కుంటే చాల్లే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆగస్టులో పాత రిజిస్టరు తిరగేస్తే నాన్న సంతకం కనిపించింది. ఇవే పిట్టలు, లకుముకి పేరుతో మొదలు. అప్పటికి ఎర్ర చీటీలు లేవు. వాటిని వెనక్కిచ్చిన తేదీ నాన్న పోయాక వారానికి. నువ్వే తెచ్చిచ్చావట, నీ సంతకం ఉంది.

అప్పుడైనా రాయాల్సింది. కుర్చీ వచ్చాక రాద్దామనుకున్నాను. వచ్చాక అది పోగొట్టుకోవడం ఇంకా కష్టమైంది. రైలెక్కి వచ్చి నీ కాళ్ళ మీద పడాల్సినవాణ్ణి. టికెట్ కొన్నాను. స్టేషన్ దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

తమ్ముడు

—

ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు,
డిసెంబరు 19

తమ్ముడికి,

రాస్తున్నది కింద కొట్టు దర్జీ. నేను చెబుతున్నాను, ఆయన రాస్తున్నాడు. నా కుడిచెయ్యి కలం పట్టదు. ఆయన దగ్గర దాచాల్సింది నా దగ్గరేమీ లేదు, నీ దగ్గరుందేమో.

గోళ్ళు కత్తిరించి పరీక్షకి పంపారు. నువ్వు రాసింది నిజమే. చెయ్యి తిరిగి రాదట. కాలేయం సంగతి ఏడాది గడిస్తే గానీ చెప్పలేమన్నారు. ఒకాయన, "జూన్‌లోనే ఆపి ఉంటే ఏమీ అయ్యేది కాదమ్మా" అన్నాడు. మంచివాడు, నన్ను ఓదార్చాలనే అన్నాడు.

లెక్క చూసుకున్నాను. చేతులు కడుక్కోమన్న నీ ఉత్తరం వచ్చేనాటికి ఆరు బొమ్మలు. పాషాణం అన్న ఉత్తరం వచ్చేనాటికి నలభై ఒకటి. మధ్యలో ముప్పై అయిదు. ఒక్కో బొమ్మకి కుంచె ఎన్నిసార్లు నోట్లోకి వెళ్తుందో నీకు తెలుసు, అదే బల్ల దగ్గర కూర్చున్నవాడివి. ప్రతిసారీ నువ్వు నా ఎదురుగా కూర్చుని చూస్తూ ఊరుకున్నావు. నీకు కుర్చీ కావాలంటే నన్నడగాల్సింది, నాన్న కుర్చీ ఇచ్చేదాన్ని.

దర్జీ ఇక్కడ ఆగి నీళ్ళు తాగాడు.

ఇప్పుడు అసలు మాట. మిగిలిన ఏడు బొమ్మలు పుస్తకంవాళ్ళు వేరే ఆమె చేత వేయిస్తున్నారు. నా దగ్గర నాలుగేళ్ళు నేర్చుకుంది. మంచి చెయ్యి. జనవరి పదిన మీ మ్యూజియానికి వచ్చి అవే పిట్టల్ని అడుగుతుంది. కుంచె నోట్లో పెట్టుకుంటుంది. నేనే నేర్పాను. పెట్టుకోకపోతే చేతి మీద కొట్టాను కూడా.

పెట్టె వెనక్కి పంపిస్తున్నాను. తెంపినవాడివి నువ్వే ఎర్ర చీటీలు కట్టు. కట్టేముందు పెద్దసారు గదిలోకెళ్ళి అన్నీ చెప్పు. ఆమెకి కూడా నువ్వే చెప్పు, దుమ్మనీ పళ్ళనీ కాకుండా. చెప్పకపోతే నేను చెబుతాను. కానీ నువ్వు చెప్పాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన ఇంట్లో రెండు తరాలకి చాలు.

అక్క
(వేలిముద్ర వేయనంది. ఎడమచేత్తో గీసిన గీత ఆమెదే. — దర్జీ)

—

ఇంటి నుంచి,
జనవరి 13

అక్కా,

చెప్పాను.

పెద్దసారు మొత్తం విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మీ అక్కగారు బతికే ఉన్నారా?" అని అడిగారు. ఉందన్నాను. తాళాలు బల్ల మీద పెట్టమన్నారు. విచారణ ఉంటుందట. కుర్చీ పోయింది, బహుశా ఉద్యోగం కూడా. ఆ రోజు మాత్రం సాయంత్రం దాకా ఉండి చీటీలు కట్టి వెళ్ళమన్నారు. తొడుగులు వేసుకుని ఒక్కో కాలికీ కట్టాను. కాళ్ళు సన్నం కదా, కొన్నింటికి ముడి జారి రెండుసార్లు కట్టాల్సి వచ్చింది.

పదో తారీకున ఆమె వచ్చింది. గేటు బయటే ఆపి చెప్పాను, లోపలికి వెళ్ళడానికి నాకు అనుమతి లేదు. నీ చెయ్యి సంగతి చెప్పాను, నాన్న సంగతి చెప్పాను, నేను చేసింది చెప్పాను. వింటూ వింటూనే సంచిలోంచి కుంచె తీసింది. మాట్లాడేటప్పుడు చేతిలో ఉండాలేమో. అలవాటుగా పెదవుల దాకా తీసుకెళ్ళి, అక్కడ ఆపేసింది. అప్పటికింకా ఏ పిట్టనీ ముట్టుకోలేదు. అయినా పంపు దగ్గరకెళ్ళి నోరు కడుక్కుంది. తర్వాత నన్ను చూసిన చూపు నేను రాయలేను. గాజు వెనక నుంచే వేస్తానంది.

ఒక్కటి మిగిలింది. చీటీలు నలభై నాలుగు, పెట్టెలో పిట్టలు నలభై మూడు. లకుముకి లేదు. దాని చీటీ నా జేబులోనే ఉంది.

అక్కా, నేను రావచ్చా?

తమ్ముడు

—

మేడగది,
ఫిబ్రవరి 2

తమ్ముడూ,

ఎడమచేత్తో రాస్తున్నాను. నాలుగు రోజులు పట్టింది. అక్షరాలు చూసి నవ్వుకో.

లకుముకి నా దగ్గరుంది. గాజు సీసాలో పెట్టి మూత బిగించాను. మీ పెద్దసారుకి రాశాను, నేను పోయాక తీసుకోమని. దాని వీపు మీద నీలిరంగు చుక్క ఉందని చెప్పాను కదా. ఎవడో వెధవ చిత్రకారుడన్నాను. ఆ వెధవ మన నాన్నే. మూడు నెలలు ఆ చుక్కను తడి కుంచెతో తుడవాలని చూశాను. పోలేదు. మంచిదైంది.

నువ్వు చెప్పినందుకు సంతోషించాను. ఆమె నోరు కడుక్కుందని చదివి ఏడ్చాను. మన్నించానని మాత్రం అనుకోకు. రావచ్చా అని అడిగావు. ఇప్పుడే రావద్దు. నీ మొహం చూస్తే నా కోపం కరిగిపోతుంది. అది నాకు ఇంకొన్నాళ్ళు కావాలి.

ఆ మిగిలిన చీటీ పంపు. పిట్టకి కాదు, నాన్న కుంచెకి కడతాను. బల్ల ముందు గోడకి వేలాడదీస్తాను. నేర్చుకోవడానికి ఎవరొచ్చినా ముందు అది చదివి కూర్చోవాలి.

దారం కాస్త పొడుగ్గా పంపు. ఒక్క చేత్తో ముడి వేసుకోవాలి.

అక్క